ముందు లైటు ఆర్పిందెవరు

పోయిన వారం తేనెటీగలు మళ్ళీ వచ్చాయి. పొద్దున కొట్టుకు బయల్దేరి గేటు దగ్గర స్కూటీ తీస్తుంటే, నెత్తిమీద ఎక్కడో పాత కుట్టుమిషను తిరుగుతున్నట్టు రొద. తలెత్తి చూద్దును గదా, మా బాల్కనీకి పైన, నాలుగో అంతస్తు స్లాబు అడుగున, పాత మైనం మరక ఉన్నచోటే నల్లటి ముద్ద వేలాడుతోంది. ముందు మా ఆయన గుర్తొచ్చారు, ఆ వెంటనే పైఫ్లాటు సారు గుర్తొచ్చారు. సారు పోయి కొన్నేళ్ళయింది. ఆయన పోయాక ఇవి ఒక్కసారి కూడా ఇటు తొంగి చూడలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకే నచ్చదు. "పేరుంటె ఏమైతదమ్మా, ప్రతి పని నేనే చేసిన అనుకుంటం" అనేవారు. నల్లగొండ దగ్గర పల్లె ఆయనది. దిల్‌సుఖ్‌నగర్ కాలేజీల్లో జంతుశాస్త్రం చెప్పి చెప్పి గొంతు అరగదీసుకుని, రిటైరయ్యాక ఎల్బీనగర్‌లో రింగురోడ్డు వెనక మా అపార్ట్‌మెంట్‌లో పైఫ్లాటు కొనుక్కున్నారు. ఒక్కరే ఉండేవారు. పిల్లలు చీమల సారు అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన ముఖం వెలిగిపోయేది.

పొద్దున్నే నేను బట్టలు ఆరేయడానికి టెర్రస్ మీదికి పోతే ఆయన పిట్టగోడ దగ్గర వంగి ఉండేవారు. గోడమీద రెండు చోట్ల చిటికెడు చిటికెడు పంచదార పోసేవారు. కాసేపటికి చీమలన్నీ ఒకదానికే బారు కట్టేవి, రెండోది పోసింది పోసినట్టే ఉండేది. "అందులో ఏమైనా కలిపారా సారూ" అన్నాను ఒకసారి. ఆయన ఆ రెండోదాన్ని వేలితో అద్ది నాలుక మీద వేసుకుని, నాకూ కాస్త ఇచ్చారు. శుభ్రంగా తియ్యగానే ఉంది.

"మొదటి చీమ అటు ఎందుకు పోయిందో దానికే తెల్వదు," అన్నారాయన. "రెండోది దాని వాసన వట్టుకొని పోయింది. మూడోదానికి వాసన జర ఎక్కువైంది. ఇగ అందరికి అదే తొవ్వ."

అని, బారు మధ్యలో బొటనవేలితో అడ్డంగా తుడిచేవారు. తుడిచినచోట చీమలు ఆగిపోయి గాల్లో మీసాలు ఆడించేవి. ఆయన తల ఒక పక్కకి వాల్చి, ఊపిరి బిగబట్టి చూసేవారు. ఆ తల వాల్చడం నాకు అస్సలు గిట్టేది కాదు. పైనుంచి మనల్ని కూడా ఎవరో అలాగే తల వాల్చి చూస్తున్నట్టు ఉండేది. బకెట్టు ఖాళీ అయిందంటే చాలు, గబగబా మెట్లు దిగేసేదాన్ని.

ఆయనతో ఎవరూ "అందరూ అంటున్నారు" అనే మాట వాడడానికి లేదు. నీళ్ళ ట్యాంకరు గురించో, లిఫ్టు గురించో ఎవరైనా ఆ మాట అన్నారంటే, చెవి దగ్గర చెయ్యి పెట్టి ముందుకి వంగేవారు. "ఎవరన్నరు? ఒక్కల పేరు చెప్పు." అన్నవాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. ఎందుకంటే ఒక్కరి పేరూ తట్టేది కాదు. మనది నలుగురితో నారాయణ వ్యవహారం కదా, ఆ నలుగురూ ఎవరో మనకెందుకు?

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటరు ఉంది. జాకెట్టు ముక్కలు, లంగాలు, ఫాల్స్. ఆయన పుస్తకాల షాపులకి వచ్చినప్పుడల్లా మా కొట్లో స్టూలు లాక్కుని కూర్చునేవారు. టీ తెప్పిస్తే గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చల్లారేదాకా తాగేవారు కాదు. నా వ్యాపారంలో ఒక వింత ఉంది, అది ఆయనకి చెప్పింది నేనే. కొన్ని రోజులు పొద్దుటినుంచి వచ్చిన ప్రతి మనిషీ ఒకే రంగు అడుగుతుంది. పండగ కాదు, పబ్బం కాదు, టీవీలో ఎవరూ కట్టలేదు. కొత్తపేట నుంచి వచ్చినావిడా, హయత్‌నగర్ నుంచి వచ్చినావిడా ఒకరికొకరు తెలియదు. ఇద్దరూ నిమ్మపండు రంగే. మర్నాటికి ఆ రంగు అడిగే నాథుడుండడు.

ఆయన ఆరోజు సాయంత్రందాకా కదల్లేదు. వచ్చినవాళ్ళ ముఖాలే చూస్తూ కూర్చున్నారు. నిమ్మపండు రంగు అడిగిన ఒకమ్మాయిని "గీ రంగే ఎందుకు బిడ్డా" అని అడగనే అడిగారు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఏమో అంకుల్, మనసుల పడ్డది" అంది. ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, "ఎవలేసిన్రో" అని గొణుక్కున్నారు. పిచ్చిముండని, ఈయనకి ఈ సంగతి ఎందుకు చెప్పానా అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. టెర్రస్ మీద మూత పెట్టిన నీళ్ళ డ్రమ్ము ఒకటి ఉండేది. ఆ మూత అంచు చుట్టూ ఎర్రచీమలు తిరుగుతున్నాయి. ముందుదాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, చుట్టూ తిరిగి మొదటిదాని ముందు ఇంకొకటి. కొన్ని నడవలేక ఆగిపోయి ఉన్నాయి, మిగతావి వాటిమీదనుంచి నడుస్తున్నాయి.

"వీటిల ముందున్నది ఏదో చెప్పమ్మా," అన్నారు సారు.

నేను చూశాను. ప్రతిదానికీ ముందు ఇంకోటుంది. "ఏదీ లేదు సారూ."

"ప్రతిదీ ముందుదానికి తెలుసనుకుంటది," అని, వేపపుల్ల ఒకటి తెచ్చి ఆ అంచుకి ఆనించి పెట్టారు. చాలాసేపు ఒక్క చీమా దానివైపు చూడలేదు. తర్వాత ఒకటి కాలుజారో, దారితప్పో పుల్లమీదికి ఎక్కింది. దాని వెనక మరొకటి. "ఒక్కటి తప్పు చేసినంకనే మిగిలినయి బతుకుతయి," అన్నారు. నాకు మాత్రం బతికినవాటి మీద కంటే ఆగిపోయినవాటి మీదే ధ్యాస.

ఇక తేనెటీగల సంగతి. చలి మొదలయ్యే ముందు ఒక పొద్దున సారు బాల్కనీ కింద, అంటే మా బాల్కనీకి సరిగ్గా నెత్తిన, పట్టు పెట్టాయి. చిన్నవి కావు, కొండల మీదా నీళ్ళ ట్యాంకుల కిందా పెట్టే పెద్ద రకం. మా ఆయనకి తేనెటీగ అంటే యముడే. వాళ్ళ ఊళ్ళో నిమ్మతోటలో ఒకే ఒక్కటి కుడితే ముఖం గుమ్మడికాయంత అయి, ఊపిరాడక, దవాఖానాకి చేరేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఇంకోసారి కుడితే తీసుకొచ్చే టైం కూడా ఉండకపోవచ్చని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. అందుకని నేను తాడోపేడో తేల్చుకుందామని పైకి వెళ్ళాను.

సారు తలుపు తీసి, ఏమీ అడక్కుండా బాల్కనీలోకి తీసుకెళ్ళారు. కమ్మీల మధ్యనుంచి కిందికి చెయ్యి చాచి, మెల్లగా ఊపారు. పట్టుమీద ఒక అల లేచింది. ఒక చివర లేచి రెండో చివరకి జర్రున పాకి మాయమైంది. వేలాది ఈగలు ఒకదాని తర్వాత ఒకటి నడుం ఎత్తి దించితే వచ్చిన అల అది. ఆయన మళ్ళీ చెయ్యి ఊపారు, మళ్ళీ అల. "ఆర్డరెవ్వరు ఇయ్యలే," అన్నారు. "రాణి ఉంటది గానీ దానికి గుడ్లు పెట్టుడే పని. దాన్ని ఎవ్వరు అడగరు."

"సారూ, నాకు పాఠం చెప్పకండి. మా ఆయన చచ్చిపోతారు," అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఇవి దీపం లేకుంటే ఇంట్లకు రావు. మాపటికి బాల్కనీ లైటుకే లోపటికి వస్తయి. లైట్లు బంద్ చేస్తె ఎవ్వరి జోలికి రావు. వానలకు ముందుగాల అవే పోతయి," అన్నారు. నేను వినలేదు. పొగబెట్టేవాణ్ణి పిలిపించాల్సిందేనని పట్టుబట్టాను. దాంతో సెల్లారులో మీటింగు పెట్టారు.

ఆ మీటింగులో ఏమైందంటే, ఏమీ కాలేదు. ప్రతివాళ్ళూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని "అందరు ఎట్లంటే అట్లనే" అన్నారు. ఒకళ్ళకి జీవహింస ఇష్టం లేదు, చెప్పలేరు. ఇంకొకళ్ళకి భయం, అదీ చెప్పలేరు. మొహాలు చూసుకుంటున్నారు. సారు అందరి వెనకా గోడకి ఆనుకుని, తల పక్కకి వాల్చి ఉన్నారు. చివరికి ముందుకొచ్చి చెప్పారు.

"చేతులెత్తుడు వద్దు. పక్కోని చెయ్యి చూసి ఎత్తుతరు. ఇయ్యాల పొద్దుగూకినంక, ఉండనిద్దామనెటోళ్ళు బాల్కనీ లైటు బంద్ చెయ్యుండ్రి. వద్దనెటోళ్ళు వెయ్యుండ్రి. నేను గేటుకాడ నిలవడి చూస్త." తర్వాత నావైపు తిరిగారు. "ఈ అమ్మది పానం సంగతి. అందరు బంద్ చేసినా, వీళ్ళ లైటు ఒక్కటి వెలుగుతుంటే రేపు నేనే పొగోన్ని పిలుస్త."

తేనెటీగలు కూడా ఇలాగే ఇల్లు చూసుకుంటాయని ఆయన అప్పుడే చెప్పారు. కొన్ని ముందుపోయి చోటు చూసొచ్చి, బాగుంటే చిందులాడి చూపిస్తాయట. మిగతావి పోయి సొంతకళ్ళతో చూసొచ్చి అవీ ఆడతాయట. "ఎంత మంచి చోటు దొరికినా, పోయొచ్చినప్పుడల్లా జర తక్కువ ఆడతది. ఆఖర్కు ఆడుడు బంద్ చేస్తది. గట్లయితేనే ఒప్పందం కుదుర్తది. మనం ఉల్టా, పోయిన కొద్ది ఇంకింత ఎక్కువ ఆడతం," అన్నారు. నన్నే అంటున్నారని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం నేను పొద్దుగూకకముందే బాల్కనీ లైటు వేశాను. ఊళ్ళో వాళ్ళందరూ ఆర్పుకున్నా నేను ఆర్పేది లేదు. మా ఆయన హాల్లో టీవీ ముందు కూర్చున్నారు, వార్తలు. ఆయన ఈ విషయంలో ఒక్క మాటా మాట్లాడలేదు, మొహమాటం మనిషి. మా అమ్మాయి అప్పటికే హాస్టల్లో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. కింది అంతస్తు లైటు ఆరిపోవడం చూశాను. తర్వాత పక్కది. తర్వాత పైన సారుది ఎలాగూ చీకటే. ఒక్కొక్కటే ఆరుతోంది. నాది మాత్రం వెలుగుతోంది. కుక్కరు కూత వేస్తే వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చాను.

వచ్చేసరికి మా బాల్కనీ చీకటిగా ఉంది.

మా ఆయన టీవీ చూస్తున్నారు, ఏమీ ఎరగనట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి మళ్ళీ వేసేదాన్నే, కానీ కింద గేటు దగ్గర సారు మా బాల్కనీ వైపే చూస్తూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. పెద్దాయన అలా దణ్ణం పెట్టాక మొహాన లైటెలా కొడతాం? ప్రాణం ఈయనది, ఇష్టం ఈయనది, నా భయం సంగతి ఎవరికి కావాలి అనుకుని పడగ్గదిలోకి పోయి పడుకున్నాను. రెండు రోజులు మా ఆయనతో మాట్లాడలేదు. ఆ సంగతి తర్వాత కూడా ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని.

సారు తర్వాత టెర్రస్ మీద అడిగారు, "లైటు ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా?" అని.

"నేను చెయ్యలేదు సారూ. మా ఆయన చేశారు."

ఆయన నావైపు చాలాసేపు చూశారు. తల వాల్చలేదు, నిటారుగానే ఉన్నారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు సంతోషంగా లేదు. అంతకుముందు ఆయన భయపడగా నేను చూసింది లేదు గనక, అది భయమని నాకప్పుడు తోచలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయన చెప్పినట్టే జరిగింది. ఆ కాలమంతా పొద్దుగూకగానే మా వైపు బాల్కనీలన్నీ చీకటే. తలుపు కింద సందుకి తడిగుడ్డ పెట్టుకునేవాళ్ళం. ఒక్క ఈగ లోపలికి రాలేదు. వానలకి ముందు ఒకరోజు మధ్యాహ్నం ఆ ముద్ద ముద్దంతా విడిపోయి, పొగలాగా సరూర్‌నగర్ చెరువు వైపు పోయింది. మైనం మరక మిగిలింది. మళ్ళీ చలికి ముందు అదే చోటికి వచ్చాయి. ఏటా అంతే.

"పాత ఇల్లు మర్చిపోలేదు సారూ ఇవి," అన్నాను నేను ఒక ఏడు. అప్పటికి నాకూ భయం కాస్త తగ్గింది.

"ఇవి అవి కావమ్మా. పనిచేసే ఈగలు కొన్ని నెలలే బతుకుతయి. ఈడికెళ్ళి పోయినవన్ని ఎప్పుడో సచ్చినయి. గీ గోడ చూసినవి వీటిల లేనట్టే."

"మరి దారెవరు చెప్పారు?"

"రాణి బతికుండొచ్చు, కానీ అది తొవ్వ చూపెట్టదు. జీవితమంతా పిల్లలకు చెప్పిన గానీ ఇది నాకు తెల్వదు బిడ్డా." మెల్లగా అన్నారు, "మన లోపల గూడ గంతే అనిపిస్తది ఒక్కోసారి. నేను, నేను అంటం. లోపల ఎవలో మీటింగ్ పెట్టుకొని అయిపోయినంక మనకు చెప్తరు." ఆ చివరి రోజుల్లో ఆయన సిగ్నల్ దగ్గర రోడ్డు దాటడానికి కూడా భయపడేవారు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద జనమంతా ఒక్కసారి కదిలితే, ఆయన స్తంభం పట్టుకుని నిలబడిపోయేవారు. నేను కొట్లోంచి వెళ్ళి చెయ్యి పట్టుకుని దాటించాను చాలాసార్లు. ఆ చెయ్యి చల్లగా ఉండేది. "ఇప్పుడు కాలు ఎత్తింది నువ్వా, నేనా?" అని అడిగేవారు. వేళాకోళానికి కాదు.

వానాకాలంలో పోయారు, పట్టు లేని కాలంలో. హయత్‌నగర్‌లో ఉండే తమ్ముడొచ్చి ఊరికి తీసుకుపోయాడు. నేను పైకి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది, పిట్టగోడమీద రెండు పంచదార కుప్పలూ వానకి కరిగిపోయి ఉన్నాయి. ఆ కుప్పల్ని చూసి నేను ఏడ్చినట్టు మా అత్తగారు పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఆ చలికాలం ఈగలు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పాతవాళ్ళు ఒక్కొక్కరే అల్మాస్‌గూడ వైపు ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడున్నవాళ్ళంతా కిరాయికి వచ్చినవాళ్ళు. సారుని చూసినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. వాచ్‌మనూ కొత్తవాడే.

పోయిన వారం ఆ సాయంత్రం నేను కొట్టు తొందరగా కట్టేసి, పొగబెట్టేవాడి నంబరు సంపాదించి ఇంటికొచ్చాను. ఈసారి ఎవర్నీ అడిగేది లేదనుకున్నాను. మా ఆయనకి వయసు పైబడింది, గుండెమందులు వాడుతున్నారు. గేటు దగ్గర తలెత్తి చూశాను. మా వైపు బాల్కనీలన్నీ చీకటిగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి వెలగడం లేదు.

కరెంటు పోలేదు, మెట్లమీద లైట్లున్నాయి. నేరుగా సారు ఉన్న ఫ్లాటుకి వెళ్ళాను. విశాఖ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి తలుపు తీసింది.

"బాల్కనీ లైటు ఆర్పమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదాంటీ. కిందవాళ్ళవన్నీ ఆరిపోయి ఉన్నాయి కదా, ఇక్కడ పద్ధతేమో అనుకున్నాను."

కింది అంతస్తులో సూర్యాపేటావిడని అడిగాను. "మీది చీకటుండె గదా అక్కా," అంది ఆవిడ. "పాతోళ్ళు, మీకు తెలిసుంటదని మేం గూడ బంద్ చేసినం."

మా ఇల్లు చీకటిగా ఉన్నది తాళం వేసి ఉన్నందుకు. నేను కొట్లో, ఆయన ఆటోనగర్‌లో పనిలో. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను.

ఇంట్లోకి వచ్చి, లైటు వెయ్యకుండా హాల్లో కూర్చుని ఫోను తీశాను. నంబరు నొక్కబోతుంటే మా ఆయన వచ్చారు. గేటు దగ్గరే చూసినట్టున్నారు, ఆయనా స్విచ్చు జోలికి పోలేదు. తడిగుడ్డ తెచ్చి తలుపు కింద సందులో దోపి, నా పక్కన కూర్చున్నారు.

"పొగవాణ్ణి పిలుస్తున్నాను," అన్నాను. "అప్పుడైతే మీ మాట కాదనలేక ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను."

"నా మాటేమిటి? నేనేమన్నాను?"

"అనకపోతే? ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళినప్పుడు లైటు ఆర్పింది మీరే కదా."

బయట ఆ కుట్టుమిషను రొద సన్నగా వినిపిస్తోంది.

"నువ్వు కదా ఆర్పింది," అన్నారు. "నేను కుర్చీలోంచి లేవలేదే. నీకంత భయం ఉండీ, పోనీలే అని ఆర్పావని, నేనే నోరు మూసుకున్నాను. సారు అడిగినప్పుడు కూడా అదే చెప్పాను, మా ఆవిడే ఆర్పిందండీ అని."

"సారేమన్నారు?"

"నవ్వారు."

బల్బు మాడిపోయిందేమో అనుకుందామంటే, ఆ మర్నాడు పగలు స్విచ్చు వేస్తే మామూలుగానే వెలిగింది, నాకు బాగా గుర్తు. నా చేతిలో ఫోను వెలుగు దానంతటదే ఆరిపోయింది. చీకట్లో స్విచ్‌బోర్డు తెల్లగా కనిపిస్తోంది, లేచి నాలుగడుగులేస్తే అందుతుంది. ఇద్దరం దాని వంకే చూస్తూ కూర్చున్నాం, రెండోవాళ్ళు లేస్తారేమోనని.